కుక్కల స్లెడ్: ఒకసారి ఎక్కడానికి ఎంత, సొంత జట్టు పెట్టుకోవడానికి ఎంత?

మీ ప్రశ్న సారాంశం ఇది. మీరు మినియాపాలిస్‌లో ఉద్యోగం చేస్తున్నారు. ఈ శీతకాలంలో మీ శ్రీమతితో, పదకొండేళ్ళ బాబుతో, ఏడేళ్ళ పాపతో కలిసి ఒకసారి కుక్కలు లాగే స్లెడ్, అంటే మంచు మీద జారే బండి, ఎక్కాలనుకుంటున్నారు. అందుకు అలాస్కా దాకా రావాలా, దగ్గరలోనే కుదురుతుందా అన్నది మొదటి సందేహం. నచ్చితే ఊరి బయట అయిదెకరాల స్థలంలో ఇల్లు కొనుక్కుని నాలుగు కుక్కలతో సొంత జట్టు పెట్టుకోవడానికి ఎంత అవుతుందన్నది రెండోది. హైదరాబాదులో మీ తమ్ముడు గారు పెంచుతున్న సైబీరియన్ హస్కీ లాంటి కుక్కలే కొనాలా అని కూడా అడిగారు.

ముందు సూటిగా జవాబు. ఒకసారి ఎక్కి చూడటానికి మీరు అలాస్కా రానక్కరలేదు. మీ ఊరికి నాలుగు గంటల కారు ప్రయాణంలో, మీ మిన్నెసోటా రాష్ట్రంలోనే ఉన్న ఈలీ అనే ఊళ్ళో రోజంతా సాగే యాత్రకు మనిషికి సుమారు 200 నుంచి 300 డాలర్లు అవుతాయి. నలుగురికీ బస, తిండి, పెట్రోలు కలుపుకుని 1,500 డాలర్లలోపు చూసి రావచ్చు. ఇదే పనికి కుటుంబంతో అలాస్కాలోని మా ఫెయిర్‌బ్యాంక్స్ వస్తే విమానం టికెట్లతో కలిపి అయిదారు వేలకు తగ్గదు. సొంతంగా నాలుగు కుక్కల జట్టు పెట్టుకుంటే మొదటి ఏడాది 15,000 నుంచి 18,000 డాలర్లు, ఆ తరువాత ఏటా ఏడెనిమిది వేలు లెక్క వేసుకోండి. ఇందులో స్థలం ఖరీదు లేదు. స్లెడ్ ధర చూసి చాలామంది అదే అసలు ఖర్చు అనుకుంటారు కానీ, ఈ వ్యాపకంలో అసలు ఖర్చు కుక్కల ఎండాకాలమూ, వాటి ముసలితనమూ. మంచు ఉండేది మూడు నాలుగు నెలలు, కుక్క తినేది పన్నెండు నెలలు, అది పరుగు మానేసిన తరువాత కూడా మరో మూడు నాలుగేళ్ళు మీ ఇంట్లోనే బతుకుతుంది.

నేను ఫెయిర్‌బ్యాంక్స్‌కు తూర్పున చీనా హాట్ స్ప్రింగ్స్ రోడ్డు వైపు ఉంటాను. ఇక్కడి విశ్వవిద్యాలయంలో ఉద్యోగానికి వచ్చి, స్లెడ్ కుక్కలను పెంచే పొరుగు కెన్నెల్‌లో సాయం చేస్తూ ఈ పని నేర్చుకున్నాను. ఇప్పుడు మా ఇంట్లో ఆరు కుక్కల చిన్న జట్టు ఉంది. మేము పోటీలకు వెళ్ళము, శీతకాలపు సాయంత్రాల్లో మా సంతోషం కోసమే నడుపుతాము. కింద చెప్పే ధరలు గత కొద్ది శీతకాలాల్లో నేను చెల్లించినవి, మా ఇంటికి వచ్చిన మనవాళ్ళు చెల్లించినవి. ఏటా కాస్త మారుతుంటాయి కాబట్టి బుక్ చేసుకునే ముందు ఒకసారి ఫోన్ చేసి కనుక్కోండి.

ఒకసారి ఎక్కి చూడటంలో రెండు రకాలున్నాయని మొదట తెలుసుకోవాలి, ఎందుకంటే ధరలోని తేడా చాలావరకు అక్కడే వస్తుంది. మొదటి రకంలో మీరు స్లెడ్‌లో దుప్పటి కప్పుకుని కూర్చుంటారు, నడిపేవారు వెనక నిలబడతారు. ఫెయిర్‌బ్యాంక్స్‌లో అరగంట నుంచి గంట వరకు సాగే ఇలాంటి ప్రయాణానికి మనిషికి 100 నుంచి 150 డాలర్లు తీసుకుంటారు. రెండో రకంలో మీకు కాసేపు పాఠం చెప్పి, నాలుగు నుంచి ఆరు కుక్కల జట్టును మీ చేతికే ఇస్తారు. ఇది ఇక్కడ సగం రోజుకు 250 నుంచి 400 డాలర్ల మధ్య ఉంటుంది. ఈలీలో ఎక్కువగా దొరికేది ఈ రెండో రకమే. ఇద్దరికి ఒక స్లెడ్ ఇస్తారు, ఒకరు వెనక, మంచు మీద జారే రన్నర్ పట్టాల మీద నిలబడి నడుపుతుంటే మరొకరు లోపల కూర్చుంటారు, దారి మధ్యలో మారతారు. ఈలీ పక్కనే ఉన్న బౌండరీ వాటర్స్ అరణ్యంలోకి స్నోమొబైల్ లాంటి మోటారు వాహనాలను రానివ్వరు కాబట్టి, గడ్డకట్టిన సరస్సుల మీద మీ జట్టు చప్పుడు తప్ప మరొకటి వినబడదు. ఆ విషయంలో అది మా ఫెయిర్‌బ్యాంక్స్ దారులకంటే మెరుగని నా అభిప్రాయం.

నా సలహా ఏమిటంటే, సొంత జట్టు పెట్టుకునే ఆలోచన లేశమైనా ఉన్నవారు మొదటి రకానికి డబ్బు పెట్టవద్దు. కూర్చుని వెళితే మీకు తెలిసేది చలి ఒక్కటే. నడిపితేనే ఈ పని మీకు సరిపడుతుందో లేదో తెలుస్తుంది. ఎత్తు వచ్చినప్పుడల్లా దిగి తొయ్యాలి, వంపులో బరువు ఒక కాలి మీదికి మార్చాలి, జట్టు ఆగినప్పుడు లంగరులా పనిచేసే స్నో హుక్‌ను బూటుతో మంచులోకి తొక్కి దిగేయాలి, స్లెడ్ పక్కకు ఒరిగినా చేతిలోని కమ్మీ వదలకూడదు. గంట తరువాత చెమట పట్టి ఉంటుంది, చేతులు లాగుతుంటాయి. అప్పటికీ మరో గంట నడపాలనిపిస్తే మీ రెండో ప్రశ్న గురించి నిజంగా ఆలోచించవచ్చు.

పిల్లల విషయంలో ఒక జాగ్రత్త ఉంది. నడిపేవారికి చెమట పడుతున్న అదే సమయంలో లోపల కదలకుండా కూర్చున్న ఏడేళ్ళ పాపకు కాలి వేళ్ళు మొద్దుబారిపోతాయి. చలికి ఏడ్చిన పిల్లలతో రెండు గంటల ప్రయాణం అరగంటలో ముగించుకుని వెనక్కి వచ్చిన కుటుంబాలను నేను చూశాను, డబ్బు మాత్రం తిరిగి రాలేదు. అందువల్ల ఆమె కోసం సగం రోజుకు మించినది తీసుకోకండి. చాలా కెన్నెళ్ళు పార్కా కోటు, బూట్లు టికెట్‌లోనే కలిపి ఇస్తాయి, అలా ఇవ్వనివారి దగ్గరికి వెళితే అద్దెకు రోజుకు మనిషికి 50 డాలర్ల చుట్టూ అవుతుంది. లోపల వేసుకునే ఉన్ని బట్టలు మాత్రం మీరే తెచ్చుకోవాలి. జీన్స్, నూలు సాక్సులు ఒంటి మీద ఉండకూడదు, చెమటకు తడిసిన నూలు ఆరదు. టిప్పు 15 నుంచి 20 శాతం ఇవ్వడం ఇక్కడి ఆనవాయితీ, అది కూడా లెక్కలో వేసుకోండి.

వేసవిలోనే సెలవు దొరికేవారికి అలాస్కాలోని జూనో దగ్గర హెలికాప్టర్‌లో హిమానీనదం మీదికి తీసుకెళ్ళి అక్కడి శిబిరంలో స్లెడ్ ఎక్కించే ఏర్పాటు ఉంది. మనిషికి 600 నుంచి 800 డాలర్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. ఆ డబ్బులో ఎక్కువ భాగం హెలికాప్టర్‌కే పోతుంది, కుక్కలతో గడిపేది అరగంట. ఖర్చు లేకుండా కుక్కలను దగ్గరగా చూడాలంటే డెనాలీ నేషనల్ పార్కులో వేసవి పొడుగునా రేంజర్లు తమ స్లెడ్ కుక్కలతో ప్రదర్శన ఇస్తారు, పార్కు ప్రవేశ రుసుము తప్ప దానికి వేరే టికెట్ లేదు. ఆ పార్కు 1922 నుంచి సొంత కెన్నెల్ నడుపుతోంది, ఇప్పటికీ శీతకాలంలో గస్తీకి ఆ కుక్కలే వెళతాయి. మీకు ఇంకా దగ్గరలో, డులూత్ నుంచి సుపీరియర్ సరస్సు ఒడ్డు వెంట జరిగే జాన్ బేర్‌గ్రీజ్ స్లెడ్ పోటీని నిలబడి చూడటానికి ఎవరికీ ఏమీ ఇవ్వనక్కరలేదు.

ధర విషయంలో నేను గట్టిగా చెప్పదలుచుకున్నది ఒకటుంది. అన్నిటికంటే చవకగా దొరికిన చోటు చూసి బుక్ చేయకండి. ఫోన్‌లో రెండు ప్రశ్నలు అడగండి. పరుగు మానేసిన ముసలి కుక్కలు ఎక్కడ ఉంటాయి? వేసవిలో కుక్కలకు ఏం పని ఉంటుంది? వెంటనే, వివరంగా, పేర్లతో సహా చెప్పేవారి దగ్గరికి వెళ్ళండి. ఎందుకంటే 2010లో వాంకూవర్ ఒలింపిక్స్ ముగిసి పర్యాటకుల గిరాకీ పడిపోయాక, కెనడాలోని విస్లర్ దగ్గర ఒక యాత్రల వ్యాపారానికి చెందిన కుక్కలను పదుల సంఖ్యలో చంపేశారు. అది బయటపడిన తరువాతే అక్కడి బ్రిటిష్ కొలంబియా ప్రభుత్వం స్లెడ్ కుక్కల సంరక్షణకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. గిరాకీ ఆగినా కుక్క తిండి ఖర్చు ఆగదు, ఆ ఖర్చును టికెట్ ధరలో కలపని కెన్నెల్ ఏదో ఒక రోజు దాన్ని కుక్కల మీదికే నెడుతుంది. మంచి కెన్నెల్‌లో మీరు ఇచ్చే 250 డాలర్లలో ఆ రోజు బండి లాగని కుక్కల తిండి కూడా ఉంటుంది, ఉండాలి.

ఇక సొంత జట్టు సంగతి.

కుక్కలు ఎక్కడి నుంచి తేవాలి? మీ తమ్ముడు గారి దగ్గరున్న సైబీరియన్ హస్కీ అందమైన కుక్కే, ఆ జాతితో జట్లు నడిపేవారూ ఉన్నారు, కానీ జాతి పత్రాలున్న కుక్కపిల్లను కొనాలంటే ఒక్కోదానికి 1,500 డాలర్లు దాటుతుంది, పైగా ఆ పిల్లకు పని నేర్పడానికి మీకే పని రాదు. అలాస్కాలోనూ మిన్నెసోటాలోనూ జట్లలో ఎక్కువగా కనిపించేది అలాస్కన్ హస్కీ. అది కెన్నెల్ క్లబ్బులు గుర్తించిన జాతి కాదు, పరుగు, ఆకలి, గట్టి పాదాలు, బండి లాగాలన్న కోరిక చూసి తరతరాలుగా ఎంచుకుంటూ వచ్చిన కలగలుపు కుక్క. ఇరవై, ఇరవైఅయిదు కిలోలకు మించదు. పోటీ కెన్నెళ్ళలో ఎనిమిది, తొమ్మిదేళ్ళు వచ్చి వేగం తగ్గిన కుక్కలను ఉచితంగానో, నామమాత్రపు రుసుముకో మంచి ఇళ్ళకు ఇస్తారు. పదేళ్ళ దగ్గరికొచ్చిన, జట్టుకు ముందు నడిచే అలాంటి లీడర్ కుక్కకు కుడి ఎడమల ఆజ్ఞలు మీకంటే బాగా తెలుసు. మీ వేగానికి అది చాలు, మీకు పాఠం చెప్పేదీ అదే. వయసులో ఉన్న తర్ఫీదైన లీడర్‌ను కొనాలంటే మాత్రం వేలల్లోనే అడుగుతారు.

ఈ నాలుగు కుక్కలకు 2,000 డాలర్లు అనుకుందాం. పాత స్లెడ్ 800 నుంచి 1,500. కొత్తది కావాలంటే రెండు మూడు వేలు, కానీ మొదటి రెండేళ్ళు చెట్లకు కొట్టుకునే స్లెడ్ పాతదైతేనే మంచిది. జట్టును స్లెడ్‌కు కలిపే గ్యాంగ్‌లైన్ తాడు, కుక్కల ఒంటికి తొడిగే హార్నెస్ పట్టీలు, స్నో హుక్‌లు, మెడ పటకాలు కలిపి 600. కుక్కకొక చెక్క గూడు చొప్పున నాలుగింటికి కలప 800. కంచె మీ స్థలాన్ని బట్టి 2,000 నుంచి 4,000, అందులో పొదుపు చేయవద్దు, ఎందుకంటే హస్కీ తవ్వుతుంది, ఎక్కుతుంది, ఒకసారి బయటపడితే పొరుగువారి కోళ్ళ దగ్గర ఆగుతుంది. ట్రక్కు వెనక పెట్టే పెట్టెలు లేదా చిన్న ట్రెయిలర్ 1,000 నుంచి 1,500. మీ బట్టలు, బూట్లు మరో 800. ఇవన్నీ కలిపి తొమ్మిది, పది వేలు ఒకసారి పెట్టేవి. స్థలం కొనే ముందు ఆ కౌంటీ కార్యాలయంలో ఎన్ని కుక్కల వరకు అనుమతి లేకుండా ఉంచవచ్చో అడగండి, చాలా చోట్ల మూడు నాలుగు దాటితే కెన్నెల్ లైసెన్సు కావాలంటారు. ఇంటి బీమా కంపెనీకి కూడా ముందే చెప్పాలి.

ఏటా అయ్యే ఖర్చులో పెద్దది తిండి, దాని గురించే కాస్త ఎక్కువ చెబుతాను. కుక్కకు ఏడాదికి 1,000 డాలర్లు నా లెక్క. బాగా పోషకాలున్న గింజల మేత 40 పౌండ్ల సంచి 60 నుంచి 80 డాలర్లు పడుతుంది. చలిలో పనిచేసే కుక్కకు అది ఒక్కటే సరిపోదు, కొవ్వు, మాంసం కలపాలి. ఇడిటరాడ్ లాంటి దూరపు పోటీలో ఒక్కో కుక్క రోజుకు 10,000 కేలరీలకు పైగా తింటుంది. మనలాగా వారాంతాల్లో నడిపేవారి కుక్కలకు అంత అక్కరలేదు కానీ, జనవరిలో మామూలు పెంపుడు కుక్క తినేదానికి రెండింతలు పెట్టవలసి వస్తుంది.

మా ఇంట్లో శీతకాలపు సాయంత్రం ఇలా ఉంటుంది. యాభై పౌండ్ల గొడ్డు మాంసం దిమ్మ బయట షెడ్డులో రాయిలా గడ్డకట్టి ఉంటుంది, దాన్ని గొడ్డలితో చెక్కలుగా నరికి బకెట్‌లో వేడినీళ్ళు పోసి నానబెడతాము. కరిగిన రక్తపు నీళ్ళలో గింజల మేత కలిపి, అది ఉబ్బేలోపే గిన్నెల్లో పోసి అందిస్తాము. ఆలస్యమైతే గిన్నె అంచుల్లో మంచు కడుతుంది. ఉత్త నీళ్ళు పెడితే ఆ చలిలో కుక్కలు చాలినంత తాగవు, పెట్టిన నీళ్ళు గడ్డకట్టిపోతాయి, అందుకే నీళ్ళన్నీ ఈ మాంసపు రుచితోనే లోపలికి పంపాలి. తిన్న వెంటనే గిన్నెలు ఏరుకోవాలి, లేకపోతే పొద్దున్నకు అవి మంచులో అతుక్కుని ఉంటాయి. తరువాత పార పట్టుకుని దొడ్డి శుభ్రం చేయాలి. నాలుగు కుక్కలకు రోజుకు గంటన్నర పని ఇది, సెలవు లేదు. మీ ఇల్లు శాకాహారపు ఇల్లయితే, ఈ మాంసపు దిమ్మలూ ఆ గొడ్డలీ మీ షెడ్డులో ఉంటాయన్న సంగతి ఇంట్లో ముందుగా మాట్లాడుకోండి.

యూకాన్ నది వెంట ఉన్న పల్లెల్లో తరతరాలుగా ఈ ఖర్చు డబ్బుతో తీరేది కాదు. శరత్కాలంలో నదిలో పట్టిన చమ్ సాల్మన్ చేపలను ఎండబెట్టి జట్లకు పెట్టేవారు. 2020 తరువాత ఆ చేపలు దారుణంగా తగ్గిపోయి పట్టడాన్నే నిషేధించవలసి వచ్చింది. దుకాణపు మేతను విమానంలోనో పడవలోనో తెప్పించుకునే స్తోమత లేక ఎన్నో కుటుంబాలు జట్లను తగ్గించుకున్నాయి, కొన్ని పూర్తిగా మానుకున్నాయి. స్లెడ్‌లు వాళ్ళ దగ్గర ఉన్నాయి, నైపుణ్యం ఉంది, మంచూ ఉంది. తిండి ఒక్కటే లేదు. ఈ పనిలో ఖర్చంటే ఏమిటో దీనికంటే స్పష్టంగా చెప్పే సంగతి నాకు తెలియదు.

వైద్యం మీకు మాకంటే ఎక్కువవుతుంది. మా ప్రాంతంలో గుండెలో చేరే హార్ట్‌వార్మ్ బెడద గానీ, పిడుదుల బెడద గానీ లేనట్టే. మిన్నెసోటాలో దోమలు హార్ట్‌వార్మ్‌ను, పిడుదులు లైమ్ వ్యాధిని తెస్తాయి కాబట్టి వేసవి నెలల్లో కుక్కకొక మందు క్రమం తప్పకుండా వేయాలి. టీకాలు, పళ్ళు, ఈ మందులు కలిపి కుక్కకు ఏడాదికి 500 డాలర్లు, నాలుగింటికి 2,000. దీనికి తోడు ఎప్పుడూ ముట్టుకోని నిధి ఒకటి పక్కన ఉండాలి. కడుపు ఉబ్బి మెలిపడినా, తాడు ముక్కో ఎముకో మింగి పేగులో అడ్డుపడినా అర్ధరాత్రి శస్త్రచికిత్సకు మూడు నుంచి ఆరు వేల డాలర్లు అడుగుతారు, ఆలోచించుకోవడానికి గంటలు కూడా ఉండవు. ఆ డబ్బు చేతిలో లేనివారు జట్టు పెట్టుకోకూడదని నేను నమ్ముతాను.

చిన్నవిగా కనిపించే ఖర్చుల్లో బూటీలు ఒకటి. కుక్క పాదానికి తొడిగే గట్టి గుడ్డ సంచి అది, పైన అతుక్కునే పట్టీ ఉంటుంది, ఒక్కోటి డాలరు, డాలరున్నర. మెత్తటి మంచులో అవసరం రాకపోవచ్చు కానీ, మంచు గరుకెక్కి ఇసుకలా మారినప్పుడు, వేళ్ళ సందుల్లో ఉండలు కట్టేటప్పుడు తొడగక తప్పదు. చేతి తొడుగు తీసి, పాదాన్ని వెనక్కి మడిచి, వేళ్ళ మధ్య పగుళ్ళున్నాయేమో వేలితో తడిమి చూసి, లేపనం రాసి, సంచి తొడిగి, మణికట్టు మీద పట్టీ బిగించాలి. బిగువు ఎక్కువైతే కాలు వాస్తుంది, తక్కువైతే అర మైలులో ఊడిపోతుంది. నాలుగు కుక్కలకు పదహారు పాదాలు. చిరిగేవి, దారిలో పోయేవి కలిపి ఏడాదికి 200 బూటీల దాకా కొనవలసి వస్తుంది. ఎండుగడ్డి, విరిగిన హార్నెస్‌లు, దారుల దాకా వెళ్ళే పెట్రోలు కలుపుకుంటే ఇవన్నీ మరో వెయ్యి, పన్నెండు వందలు. అలా మొత్తం ఏడు వేలు దాటుతుంది.

పిల్లలుగా తెచ్చిన నాలుగు కుక్కలు పన్నెండేళ్ళు బతికితే 84,000 డాలర్లు. నెల జీతంలో చూస్తే చిన్నదిగా కనిపించే ఈ లెక్కను ఒక్కసారి ఇలా మొత్తంగా చూడమంటాను.

మరోవైపు నుంచీ చూడండి. మిన్నెసోటాలో మంచి శీతకాలం వస్తే డిసెంబరు మధ్య నుంచి మార్చి మధ్య దాకా వారాంతాలు, సెలవులు కలిపి మీరు ఓ పాతిక సార్లు స్లెడ్ నడుపుతారు. ఏడు వేలను పాతికతో భాగిస్తే ఒక్కోసారికి 280 డాలర్లు పడుతుంది. ఈలీలో ఒక మనిషికి ఒక రోజుకు అయ్యేదీ అంతే, ఇక్కడ మీ కుటుంబమంతా వంతులవారీగా నడపవచ్చు కాబట్టి అది నష్టమేమీ కాదు. కానీ మంచు రావాలి. 2024లో మంచు లేక జాన్ బేర్‌గ్రీజ్ పోటీనే రద్దు చేశారు. ఇక్కడ అలాస్కాలో జరిగే ఇడిటరాడ్‌కు కూడా ఆంకరేజ్ వైపు మంచు చాలక 2003లో, 2015లో, 2017లో, మళ్ళీ 2025లో అసలు పరుగును ఫెయిర్‌బ్యాంక్స్ నుంచి మొదలుపెట్టారు. అలాంటి ఏడాది మీ ఏడు వేలకు స్లెడ్ మీద ఒక్క రోజు కూడా దక్కకపోవచ్చు, కుక్కలకు మాత్రం పరుగు కావాలి. అప్పుడు నేల మీద నడిచే చక్రాల బండి 500 నుంచి 1,500 డాలర్లకు కొనవలసి వస్తుంది, అది కూడా చల్లటి ఉదయాల్లోనే, ఎండ ఎక్కకముందే.

మనవాళ్ళకు ప్రత్యేకంగా తగిలే ఖర్చు ఒకటుంది, ఇక్కడి పుస్తకాల్లో దొరకదు. మనం ఇండియా వెళ్ళేది పిల్లల బడి సెలవుల్లో, ఎక్కువగా డిసెంబరులో. సంక్రాంతి దాకా ఉండి రావాలని అందరికీ ఉంటుంది. స్లెడ్‌కు మంచి రోజులు సరిగ్గా అవే. కుక్కలను ఎవరికైనా అప్పగించాలంటే ఒక్కోదానికి రోజుకు 25 నుంచి 40 డాలర్లు. నాలుగు కుక్కలు, మూడు వారాలు అంటే తక్కువలో తక్కువ 2,100. మామూలు పెంపుడు కుక్కలను చూసుకునేవారు హస్కీల జట్టును చూసుకోలేరు, చాలామంది ఒప్పుకోరు కూడా. మేము పొరుగు కెన్నెల్‌తో మాట ఇచ్చిపుచ్చుకున్నాము, వాళ్ళు వెళ్ళినప్పుడు వాళ్ళ దొడ్డి మేము చూస్తాము, మేము వెళ్ళినప్పుడు మాది వాళ్ళు చూస్తారు. అలాంటి పొరుగు దొరకనిదే సొంత జట్టు జోలికి వెళ్ళవద్దని నా మాట.

పోటీల గురించి మీరు అడగలేదు, కానీ జట్టు పెట్టుకున్నవారికి మూడో ఏడాదికల్లా ఆ ఆలోచన వస్తుంది కాబట్టి నాలుగు మాటలు. 1973లో మొదలైన ఇడిటరాడ్ ఆంకరేజ్ నుంచి నోమ్ దాకా సుమారు వెయ్యి మైళ్ళు. ఇటీవలి ఏళ్ళలో దాని ప్రవేశ రుసుమే 4,000 డాలర్లు. దాని కోసం ఏడాది పొడుగునా ఇరవై ముప్పై కుక్కల కెన్నెల్ నడపాలి. 2023లో 33 మందే బయలుదేరారు, మొదటి ఏడాది పాల్గొన్న 34 మందికంటే తక్కువ. పెరిగిన మేత ధరలు, ఇతర ఖర్చులే అందుకు ముఖ్య కారణాలని నడిపేవారే చెప్పారు. ఆ ఏడాది గెలిచినవారికి దక్కిన బహుమతి సుమారు 50,000 డాలర్లు, అది ఒక్క పెద్ద కెన్నెల్ ఏడాది ఖర్చుకు కూడా చాలకపోవచ్చు. స్థానిక క్లబ్బులు పెట్టే నాలుగు కుక్కల చిన్న పరుగులకు మాత్రం కొద్ది పదుల డాలర్లే రుసుము, సరదా ఉంటే అక్కడ ఆగడం మేలు.

అయితే సొంత జట్టుకూ, ఏమీ లేకపోవడానికీ మధ్య మంచి దారి ఉంది, మీకు నేను సూచించేది అదే. ఒక కుక్కతో స్కీజోరింగ్ చేయండి. కుక్కకు హార్నెస్ 40, 50 డాలర్లు, మీ నడుముకు పట్టీ 70 నుంచి 100, సాగే తాడు 50. స్కీలు తప్ప మొత్తం 200 డాలర్లలో తేలిపోతుంది. కుక్క ముందు పరుగెత్తుతుంది, మీరు వెనక స్కీల మీద సాయం చేస్తూ వెళతారు. మంచు లేని నెలల్లో అదే సామానుతో మీరూ కుక్కా కలిసి పరుగెత్తవచ్చు. మినియాపాలిస్ పరిసరాల్లో కుక్కలకు అనుమతి ఉన్న స్కీ దారులు ఉన్నాయి, పాసు ధర స్వల్పం. రిటైరైన ఒక స్లెడ్ కుక్కను తెచ్చుకుంటే ఏడాదికి 1,500, 2,000 డాలర్లతో ఈ పనిలోని అసలు ఆనందం, అంటే మీ మాట విని మీతో కలిసి పనిచేసే కుక్క, మీకు దక్కుతుంది. స్కీలు మీకు రాకపోతే మొదటి శీతకాలం కుక్క లేకుండా నేర్చుకోండి, వాలులో ఆగడం వచ్చాకే తాడు కట్టండి.

పని లోతుగా నేర్చుకోవడానికి కెన్నెల్‌లో సహాయకుడిగా చేరడం పాత పద్ధతి. డబ్బు ఇవ్వరు, బస, భోజనం ఇస్తారు, బదులుగా దొడ్డి పనంతా చేయాలి. ఇక్కడ మీలాంటివారికి వీసా చిక్కు ఉంది. మీరు హెచ్-1బి మీద ఉన్నా, చదువుకునే బంధువులు ఎఫ్-1 మీద ఉన్నా, జీతం తీసుకోకపోయినా బసకు బదులుగా చేసే పనిని అనుమతి లేని ఉద్యోగంగా పరిగణించవచ్చు. ఒక తెలుగు విద్యార్థి సెలవుల్లో అలా చేరబోతుంటే, ముందు విశ్వవిద్యాలయంలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో అడగమని నేనే ఆపాను, వాళ్ళు వద్దన్నారు. పోటీల దగ్గర అందరిలా స్వచ్ఛందంగా దారి దాటే చోట నిలబడి వాహనాలను ఆపడం, కుక్కలను పట్టుకోవడం వేరే సంగతి, అందులో నేర్చుకునేదీ తక్కువేమీ కాదు. సందేహం ఉంటే మీ వకీలును ఒక్క మాట అడగండి.

మీ స్థానంలో నేనుంటే ఈ శీతకాలం చేసేది ఇది. పోటీ జరిగే వారాంతంలో పిల్లలతో డులూత్ వెళ్ళి, బయలుదేరే చోట జట్లకు హార్నెస్‌లు కట్టడం దగ్గరి నుంచి చూస్తాను. ఫిబ్రవరిలో ఈలీలో సగం రోజు, మనమే నడిపేది, బుక్ చేస్తాను. అలాస్కా డబ్బును దాచిపెట్టి, ఎప్పుడైనా మార్చి మొదటి శనివారానికి వస్తాను, ఆ రోజు ఆంకరేజ్ నడివీధిలో ఇడిటరాడ్ జట్లు లాంఛనంగా బయలుదేరడాన్ని ఉచితంగా చూడవచ్చు, అప్పటికి చలి కూడా కాస్త తగ్గుతుంది, తరువాత ఫెయిర్‌బ్యాంక్స్ వస్తే రాత్రిపూట ధ్రువకాంతి కనిపించే అవకాశం ఉంటుంది. ఈలీ కెన్నెల్‌కు ఫోన్ చేసినప్పుడు నలుగురి బరువులు, పాప వయసు ముందే చెప్పండి, దాన్ని బట్టే ఏ స్లెడ్‌కు ఎన్ని కుక్కలు కట్టాలో వాళ్ళు నిర్ణయిస్తారు. మంచు లేక రద్దయితే డబ్బు వెనక్కి ఇస్తారా, మరో తేదీ మాత్రమే ఇస్తారా అన్నది ఈమెయిల్‌లో రాయించుకున్నాకే కార్డు నంబరు ఇవ్వండి.